సీజన్ రాకముందే అడ్వాన్స్ టాక్సా?

ఎడిటర్ గారికి,

గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారుల దగ్గర లెక్కలు రాస్తుంటాను. మాకు కొత్త కాయ జోరుగా దిగేది సంక్రాంతి దాటాకే. అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది ఆదాయాన్ని ముందే అంచనా వేసి కట్టే ఆదాయపు పన్ను, మాత్రం జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి అంతా కలిపి 45, డిసెంబరు 15కి అంతా కలిపి 75 శాతం కట్టేయాలి. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వస్తాయో, రేటెంత పలుకుతుందో అప్పటికి ఎవరికి తెలుసు?

టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసుకునే పన్ను) పోను లక్ష రూపాయల పన్ను ఉన్న వ్యాపారి మొత్తం చివరి వాయిదా రోజైన మార్చి 15న కట్టినా, నెలకు 1 శాతం లెక్కన 4,050 రూపాయల వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ లెక్క కాగితం చూసి మా షావుకారు "పన్ను ఎగ్గొట్టలేదు కదా, ఇదేమిట్రా అబ్బాయ్" అన్నారు. నేనేం చెప్పను?

అమ్మకాల్లో ఇంత శాతమని లాభాన్ని అంచనాగా చూపే చిన్న వ్యాపారులు మార్చి 15న ఒకేసారి కట్టొచ్చు. కమీషన్ ఆదాయానికి ఆ పద్ధతి వర్తించదు. స్థలమో షేర్లో అమ్మితే, లాభం వచ్చాక మిగిలిన వాయిదాల్లో కట్టినా ఈ వాయిదా వడ్డీ ఉండదు. పంటను నమ్ముకున్న కమీషన్ వ్యాపారికి ఆ వెసులుబాటు ఎందుకివ్వరు? ఎగ్గొట్టేవాళ్లకు వడ్డీ వేయండి, కాదనం. మన ఎంపీలు బడ్జెట్‌కు ముందే ఈ సంగతి ఆర్థిక శాఖ దగ్గర గట్టిగా అడగాలి.

- మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు