శాంతి నిధులు జనం ఖాతాల్లో పడాలి

యుద్ధం ఆగిన దేశాలను మళ్లీ నిలబెట్టడానికి ప్రపంచం ఇస్తున్న డబ్బు చాలా తక్కువ, ఇచ్చే పద్ధతి కూడా మారాలి. ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణ నిధిని 2006లో పెట్టారు. 2024 దాకా అది దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాల మీదే నడిచింది. సభ్యదేశాల తప్పనిసరి వాటాల నుంచి ఏటా 5 కోట్ల డాలర్లు ఇవ్వాలన్న ఏర్పాటు 2025 నుంచే మొదలైంది. ప్రపంచ సైనిక వ్యయమేమో 2023లోనే 2.4 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఇక ఇచ్చే పద్ధతి సంగతికొస్తే, చిత్తూరులో బ్యాంకు కౌంటర్లో పనిచేసినవాడిగా ఒకటి చెప్పగలను: డ్వాక్రా సంఘం ఖాతాలో పడిన సొమ్ముకు తీర్మానం పుస్తకంలో సభ్యుల సంతకాలు, వేలిముద్రలు ఉండేవి, ఎవరు ఎంత తీసుకున్నారో వీధంతా తెలిసేది. అవగాహన సదస్సులకు పెట్టిన ఖర్చుకు మిగిలేది ఫ్లెక్సీలు, భోజనాల బిల్లులే (తిరుపతి హోటళ్లలో అలాంటి వాటికి నేనూ వెళ్లాను, భోజనం మాత్రం బాగుంటుంది). 2009లో యుద్ధం ముగిశాక శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో మన దేశం చేపట్టిన ఇళ్ల పథకంలో, ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయల చొప్పున, పని జరిగేకొద్దీ విడతలుగా, కట్టుకునేవాళ్ల ఖాతాల్లోనే వేశారు. భారత్ ఐరాస నిధికి తన విరాళం పెంచాలి. అందులో కనీసం సగం స్థానిక మహిళా, రైతు సంఘాల ఖాతాలకు నేరుగా వెళ్లాలని, ఆ లెక్కను అక్కడి భాషలో ఊరి గోడ మీద రాయించాలని పట్టుబట్టాలి.

– ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు