పక్కన ఎవరూ లేని కణం

విజయనగరం,
సిరిమాను పండగ మంగళవారం

ఒరేయ్ శ్రీనూ,

దసరాకి ముందే రాయాల్సింది, మన్నించరా. ఇంట్లో అందరూ బాగున్నారు. చెల్లి పెళ్లి మాఘంలో అనుకుంటున్నాం. స్కూలు గోడకి మళ్లీ రంగేశారు, నీ పేరు పోయింది, నాది ఉంది. అంతే కబుర్లు. అసలు సంగతి నీకు చెబితే గాని నాకు నిద్ర పట్టేలా లేదు.

పేగు లోపలి కణానికి పైన, కింద వేరువేరు. తిన్నది వచ్చే వైపే సన్నటి నూగు ఉంటుంది, ఒక్కో కణానికి వేలల్లో. రెండో వైపు నుంచి సారం రక్తంలోకి వెళ్తుంది. మరి ఏది పైనో కణానికెలా తెలుస్తుంది? పక్క కణాలను పట్టుకుని ఉంటేనే తెలుస్తుందని చాన్నాళ్లు అనుకున్నారు. కాదని 2004లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం చూపించింది. ఎల్‌కేబీ1 అనే ప్రోటీన్‌ని దాని తోడు స్ట్రాడ్ నిద్రలేపితే చాలు, ఒంటరి కణం కూడా తల ఎటో తేల్చుకుంటుంది.

నేనూ అదే చేశాను. డాక్సీసైక్లిన్ అనే మందు పోస్తే స్ట్రాడ్ తయారయ్యేలా మార్చిన పెద్దపేగు కేన్సర్ కణాలు. మూడుసార్లు ఏమీ రాలేదు. గైడ్ వదిలెయ్యమన్నారు. మన మూడో సమోసా సూత్రం గుర్తొచ్చి నాలుగోసారి వేశాను.

గురువారం రాత్రి చూశానురా! మందు వెయ్యని పళ్లెంలో ఎరుపు రంగు పట్టిన యాక్టిన్ (ఆ నూగుకి వెన్నెముకలాంటి ప్రోటీన్ పోగులు) కణం చుట్టూ మసగ్గా పరుచుకుని ఉంది. మందు వేసినదాంట్లో ఒకే కణం, చుట్టూ అంతా ఖాళీ, ఒక్క పక్కన మాత్రం ఎర్రగా టోపీ పెట్టినట్టు! ఫోకస్ తిప్పి తిప్పి చూశాను. పక్కన ఎవరూ లేరు. నా చేతులు వణికాయి.

అమ్మకి చెబితే, "సిరిమానుకి కొస ఏదో మొదలేదో చూడరేటి, పూజారి కూకునేది కొసనే కదా" అంది. నాకు ఒళ్లు జల్లుమంది. మానుకైతే మనుషులు తేలుస్తారు. ఇక్కడ ఎల్‌కేబీ1 మేల్కొంటే ఎమ్‌ఎస్‌టీ4 అనే ఎంజైమ్ కదిలి వెళ్లి ఎజ్రిన్ అనే ఇంకో ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఎజ్రిన్ పోయి యాక్టిన్‌ని పై పొరకి కడుతుంది. చెప్పేవాళ్లెవరూ లేకుండానే!

ఆ ఎల్‌కేబీ1 జన్యువే చెడిపోతే ప్యూట్జ్-జెఘర్స్ జబ్బు. పెదవుల మీద నల్లమచ్చలు, పేగులో బుడిపెలు. ఆ పిల్లల ఫొటోలు చూసినప్పుడు... సరే, అది ఇంకోసారి.

డప్పులు వినిపిస్తున్నాయి, మాను కోట వైపు బయల్దేరిందట. నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎజ్రిన్ గురించి ఇంకో మాట ఉంది గానీ... ఉంటానురా.

నీ
గిరి