నకిలీ బ్రేక్ ప్యాడ్లపై నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను మిర్యాలగూడలో కిరాయి కారు నడుపుతాను. ఆన్‌లైన్‌లో పెద్ద కంపెనీ పేరుతో ఉన్న బ్రేక్ ప్యాడ్లు తెప్పించి వేయించాను. కొన్నాళ్లకే కీచుమని చప్పుడు. మెకానిక్ చక్రం ఊడదీసి ప్యాడ్‌ను గోటితో గీరితే నల్లటి పొడి రాలింది. ఒక పక్క మందం అంతా పోయి ఇనుప రేకు డిస్కును కోసేస్తోంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాక లారీల మధ్య, వెనక సీట్లో పేషెంట్లతో ఆ బ్రేకులనే నమ్ముకుని పోయాను! తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

కొన్న వెబ్‌సైట్ వాళ్లు రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. బిల్లు మీదున్న అమ్మకందారు నంబరు పలకదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. నాకు వచ్చింది మెషీన్ జవాబే.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. కానీ అది నా ఒక్కడి డబ్బు సంగతి. ఇదే సరుకు ఇంకెన్ని బండ్లకు ఉందో? 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16వ సెక్షన్ కింద ఇలాంటి వాటిపై విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం మీకుంది. దయచేసి వాడండి.

ప్యాడ్లు, డబ్బా, బిల్లు దాచిపెట్టాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక కారు డ్రైవర్, మిర్యాలగూడ