ఫ్లాష్ వద్దు సరే, ఎండ మాటేమిటి?

సంపాదకుల వారికి,

నగర చిత్రకళా మ్యూజియానికి జనం రావడం తగ్గిపోయిందనీ, అందరూ సెల్‌ఫోన్లకు అతుక్కుపోయి కళాభిరుచి పోగొట్టుకున్నారనీ అక్కడి అధికారులు వాపోయినట్టు గత వారం మీ పత్రికలో చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, కోపం కాస్త తగ్గాక రాస్తే బాగుంటుందని ఆగాను. తగ్గలేదు.

నాది ఆ ఊరు కాదు. పని మీద వెళ్ళి, రాత్రి రైలు దాకా టైముందని ఒక మధ్యాహ్నమంతా ఆ మ్యూజియంలోనే ఉన్నాను. కాబట్టి అభిరుచి లేనివాళ్ళ లెక్కలో నన్ను వేయకండి. అసలు ఆ అధికారులు పై అంతస్తులో నీటిరంగుల గదికి మధ్యాహ్నం మూడింటికి ఎప్పుడైనా వెళ్ళారా అని నా అనుమానం. పడమటి వైపు పెద్ద కిటికీ. పరదా తగిలించే కమ్మీ ఉంది, పరదా లేదు. ఎండ ఏటవాలుగా వచ్చి ఎదురు గోడ మీదున్న ఒక చిత్రం సగానికి కొడుతోంది. ఏటి ఒడ్డున పడవల బొమ్మ. ఎండ తగలని ఎడమ పక్క నీళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. కుడి పక్క ఆకాశం ఎక్కడ ఆగిందో, ఏరు ఎక్కడ మొదలైందో తెలీదు, అంతా వెలిసి కాగితం రంగులో కలిసిపోయింది. దాని కిందే ఎర్రక్షరాల బోర్డు: ‘చిత్రాలు పాడవుతాయి, ఫ్లాష్ వాడరాదు’.

ఫ్లాష్ రెప్పపాటు వెలుగు. ఎండ రోజూ గంటలకొద్దీ ఉంటుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. కాగితం మీద వేసిన నీటిరంగులకు సుమారు 50 లక్స్‌కు మించి వెలుతురు తగలనివ్వకూడదన్నది మ్యూజియంల వాళ్ళు దశాబ్దాలుగా పాటిస్తున్న లెక్క. కిటికీ అద్దంలోంచి వచ్చినా, నేరుగా పడే ఎండ పదివేల లక్స్‌ను తేలిగ్గా దాటుతుంది. వెలుతురు ఎంత, ఎంతసేపు అన్న రెండింటినీ హెచ్చవేస్తేనే నష్టం తెలుస్తుంది. ఆ లెక్కన ఒక్క గంట ఎండ 200 గంటల ప్రదర్శనతో సమానం. రోజుకు ఎనిమిది గంటలు తెరిచి ఉంచితే 25 రోజుల్లో తగలాల్సిన వెలుతురు ఆ పడవల బొమ్మకు ఒక్క గంటలో తగులుతోందన్నమాట! వెలిసిన రంగు ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా తిరిగి రాదు. దీనికి నిపుణుల కమిటీ అక్కర్లేదు, ఒక పరదా చాలు. గార్డుకు చూపిస్తే, “అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారండీ” అన్నాడు.

అదే గదిలో ఓ కాలేజీ అమ్మాయి నేల మీద కూర్చుని, ఒక చిత్రాన్ని చూస్తూ పెన్సిల్‌తో గీసుకుంటోంది. “ఇక్కడ గీయకూడదమ్మా, పర్మిషన్ లెటర్ ఉందా?” అన్నాడు గార్డు. ఆమె పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. గార్డును తప్పుపట్టను, ఆయన చెప్పింది చేసే మనిషి. రంగులూ ఇంకు పెన్నులూ వద్దంటే అర్థముంది, పెన్సిల్ ఏం పాపం చేసింది? ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2015లో ఫొటోలు తీయడం తగ్గించి బొమ్మలు గీసుకోండని సందర్శకులను బతిమాలుకుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిపి 2001లో ప్రచురించిన ఒక పరిశీలనలో, జనం ఒక్కో చిత్రం ముందు సగటున 27 సెకన్లే నిలబడుతున్నారని తేలింది. గీసే మనిషైతే అరగంట కళ్ళు తిప్పకుండా చూస్తుంది. అలాంటి ప్రేక్షకురాలిని సాగనంపి, జనం రావట్లేదని పత్రికల ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం దేనికి?

మళ్ళీ సెల్‌ఫోన్లను తిట్టేదీ వీళ్ళే, గుమ్మం పక్కన రంగురంగుల బల్బులతో సెల్ఫీ పాయింట్ కట్టించిందీ వీళ్ళే. భవనం మొత్తం మీద బల్బులన్నీ వెలుగుతున్న చోటు అదొక్కటే.

కూర్చోవడానికి బల్లలు లేవు. లేబుళ్ళు మోకాలి ఎత్తులో ఉన్నాయి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ అనే ఆయన, పెట్టెల్లోని వస్తువులు చూడటానికీ లేబుళ్ళు చదవడానికీ ఒక మనిషి వంగి, చతికిలబడి ఎన్ని పాట్లు పడాలో ఫొటోలతో సహా 1916లోనే అచ్చేశాడు. ‘మ్యూజియం అలసట’ అన్న మాట అప్పటిది. వందేళ్ళు దాటినా ఇక్కడ నడుములు వంగుతూనే ఉన్నాయి. అంత కష్టపడి వంగితే లేబుల్ మీద ఉన్నదేమిటంటారా? ‘ప్రకృతి దృశ్యం, వాటర్ కలర్’. చిత్రకారుడి పేరు లేదు, సంవత్సరం లేదు. మెట్ల దగ్గర పాలరాతి ఫలకం మీద మాత్రం పునరుద్ధరణ పనులు ప్రారంభించిన పెద్దల పేర్లు పదవులతో సహా, ఎవరి కళ్ళజోడు అవసరం లేకుండా, బంగారు అక్షరాల్లో ఉన్నాయి. ఆ ఫలకం బిగించిన గోడే చెమ్మకు ఉబ్బి పెచ్చులూడుతోంది.

ఏ ప్రభుత్వ భవనం చూసినా ఇదే వరస. ప్రారంభోత్సవానికి రిబ్బన్లుంటాయి, శాలువాలుంటాయి. మర్నాటి నుంచి బల్బు మార్చాలన్నా ఫైలు కదలాలి. సగం గదులకు తాళాలు వేసి ‘మరమ్మతుల నిమిత్తం’ అని అంటించిన కాగితం కూడా పాతబడి పసుపుపచ్చగా తిరిగింది. టికెట్టు మాత్రం పూర్తిదే. మూసే వేళకు ఇంకా ముప్పావు గంట ఉండగానే లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు. నేను చూస్తున్న గది కూడా చీకటైపోయింది. ఎందుకని అడిగితే, “ఎవరూ లేరనుకున్నామండీ” అన్నారు.

కనీసం ఈ సంగతులు సందర్శకుల పుస్తకంలో రాసి వెళదామని అడిగాను. అది ఆఫీసరు గారి బీరువాలో ఉందట, తాళం ఆయన దగ్గరుందట, ఆయన మీటింగ్‌లో ఉన్నారట. అందుకే మీకు రాస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు