ప్రసూతి వార్డు నష్టం లెక్క

అమ్మలూ,

ఆశీస్సులు. మీ ఆసుపత్రిలో ప్రసూతి వార్డు నష్టాల్లో ఉందని, పడకలు తగ్గించాలనుకుంటున్నారని రాశావు. ఆ నష్టం ఎలా తేల్చారో ముందు అడుగు. ఉద్యోగమంతా ఆసుపత్రి పద్దులతోనే గడిపినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. రోగికి ఎంత బిల్లు వేశారో ఆసుపత్రుల వాళ్లకు పైసలతో సహా తెలుసు, ఎంత ఖర్చయిందో వాళ్లలో చాలామందికి తెలియదు.

మందుకు, సూదికి, స్టెంటుకు కొన్న రసీదు ఉంటుంది. పెద్ద ఖర్చంతా మనుషుల సమయంలో, గదుల్లో, యంత్రాల్లో ఉంటుంది. ఒక సిజేరియన్ తీసుకో. మత్తు డాక్టరు ఎదురుచూసిన సేపు, ఆపరేషన్ అయ్యాక ఆయా బల్ల తుడిచి నేల కడిగిన సేపు, పనిముట్లు ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో ఉన్న సేపు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ తాగిన డీజిలు ఎవరి పద్దులో రాస్తారు? నెలాఖరున అన్నీ కలిపి పడకల లెక్కన పంచేస్తారు. మామూలు కాన్పయి బిడ్డకు పాలిస్తున్న తల్లి పడక మీద, నర్సు గంటగంటకూ బీపీ చూడాల్సిన డెంగీ రోగి పడక మీద ఒకే భారం పడుతుంది. పడకలు ఎక్కువ, బిల్లులు తక్కువ ఉన్న ప్రసూతి వార్డు నష్టంలో కనిపించక ఏం చేస్తుంది!

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచీ, ఒక్కో చికిత్సకు ఇంతని ప్రభుత్వం కట్టే ప్యాకేజీ రేటు చాలదన్న మాట వింటూనే ఉన్నాను. ఎంతైతే చాలుతుందని అడిగితే, నేను కూర్చున్న సమావేశాల్లో పథకంలో లేకుండా సొంత డబ్బు కట్టే రోగికి వేసే బిల్లునే ఖర్చుగా చూపేవారు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది. అలాంటి అంకెతో ప్రభుత్వాన్ని ఎలా ఒప్పిస్తారు?

హార్వర్డ్ ఆచార్యులు రాబర్ట్ కాప్లన్, మైకేల్ పోర్టర్ 2011లో చెప్పిన దారి నాకు నచ్చింది. రోగి వెంట నడిచి, ఎవరు ఎన్ని నిమిషాలు వెచ్చించారో రాసుకుని, ఒక్కో నిమిషం ఖర్చుతో గుణించాలి. నర్సు జీతాన్ని షిఫ్టు నిమిషాలన్నిటితో భాగించకు. సెలవులు, శిక్షణ, విరామం తీసేయి. మధ్యాహ్నం ఖాళీగా ఉండే థియేటర్ ఖర్చును వేరుగా చూపు, పొద్దున వచ్చిన రోగుల మీద రుద్దవద్దు. గడియారం పట్టుకుని నిలబడితే నర్సులు ఉద్యోగాలకే ముప్పని భయపడతారు, కాబట్టి హెడ్ నర్సుతో ముందే మాట్లాడు.

వార్డు తగ్గించినంత మాత్రాన లిఫ్టు, జనరేటర్, ఆఫీసు జీతాలు తగ్గవు. ఆ వాటా మిగతా వార్డుల నెత్తిన పడుతుంది, అప్పుడు ఇంకో వార్డు నష్టంలో తేలుతుంది. పడకల సంగతి తేల్చే సమావేశానికి ముందే ఇది రాతపూర్వకంగా ఇవ్వు. పది కాన్పుల లెక్క రాగానే నాకు పంపు, కూర్చుని చూస్తాను.

మీ నాన్న