పక్కటెముకలు మెత్తబడిన వైనం

రాయగడ

ప్రియ మిత్రునికి,

ఉభయకుశలోపరి. మొన్న ముక్కనుమనాడు మా ఇంట్లో తిన్న పంది పక్కటెముకలు ఎలా వండానో చెప్పమని ఫోనులో రెండుసార్లు అడిగావు. అది ఫోనులో తేలే వ్యవహారం కాదు కనుక తీరిక చేసుకుని రాస్తున్నాను. నువ్వు తిన్నది నా మూడో ప్రయత్నం. మొదటి రెండింటి గతి మీ చెల్లెలు నీ చెవిన వేయలేదంటే, అది నా మీద ఆమెకున్న దయ.

మొదటిసారి ఆషాఢంలో వండాను. నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కంధ గిరిజనులు చాటికోన బుధవారం సంతకు దింపే అనాసపండ్లు ఇంట్లో ఉన్నాయి. అనాసరసం మాంసాన్ని మెత్తబరుస్తుందని ఎవరో అన్న మాట పట్టుకుని రాత్రంతా అందులో నానబెట్టాను. తెల్లవారి చూస్తే పైమాంసం జావలా జారిపోతోంది, లోపలిది మాత్రం తాడులాగే ఉంది. మాంసాన్ని కరిగించే ఎంజైములు, అనాసలోని బ్రొమెలైన్ అయినా, పచ్చి బొప్పాయిలోని పపైన్ అయినా, తగిలినంత మేర పైపైనే పని చేస్తుంది తప్ప ఎముకను అంటుకున్న మాంసం దాకా పోదు. రెండోసారి కుక్కరును నమ్ముకున్నాను. ఆరు విజిళ్లకు ఎముకలు వాటంతట అవే ఊడి వచ్చాయి, పట్టించిన కారమూ మసాలా అంతా నీళ్లలోకి దిగిపోయింది. పులుసు అని పేరు పెట్టి వడ్డిస్తే మెచ్చుకునేవారేమో, నేనే ముందు నోరు జారి బార్బెక్యూ అన్నాను.

అసలు కిటుకు మంట తగ్గించడంలో ఉంది. పక్కటెముకల నడుమ మాంసం ఊపిరి తీసినప్పుడల్లా కదిలే కండరం కనుక అందులో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. మాంసం లోపలి వేడి 63 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే తినడానికి భయం లేదు కానీ, అప్పటికి అది నమిలితే నమిలినంతగానే ఉంటుంది. వేడి 70 దాటి 90, 95 వరకు మెల్లగా ఎక్కుతూ కొన్ని గంటలపాటు సాగితేనే కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారుతుంది, వేళ్లకు అంటుకునే ఆ జిగురు అదే. ఊళ్లో తిరిగి మేసే పంది మాంసం బాగా ఉడకాలని మా అమ్మ పెట్టుకునే బెంగ కూడా ఈ పద్ధతిలో తీరిపోతుంది.

వంటకన్నా కష్టమైన పని దుకాణం దగ్గర ఉంది. మాంసం కొట్టే అతని చేయి మొద్దు మీద ఆగదు, మనం నోరు తెరిచేలోగా ఎముకలు అంగుళం ముక్కలవుతాయి. కత్తి ఎత్తకముందే నేను "కాట నాహిఁ, ఎమితి దిఅ" (కొట్టొద్దు, ఇలాగే ఇవ్వు) అని వచ్చీరాని ఒడియాలో మొరపెట్టుకుంటే, అతను నన్ను ఎగాదిగా చూసి, ఒకటింపావు కిలో పలకను చెక్కుచెదరకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. నువ్వు కూడా అలాగే పలకగానే తీసుకో.

ఇంటికి తెచ్చాక లోపలివైపు, అంటే ఎముకలు కనిపించే వైపు, పలుచని తెల్లని పొర ఒకటి ఉంటుంది. చెంచా కాడతో ఒక మూల లేపి, జారకుండా పొడిగుడ్డతో పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. దాన్ని వదిలేస్తే ఉప్పూ కారమూ ఆ వైపు నుంచి లోపలికి పోవు, తినేటప్పుడు పళ్లకు రబ్బరులా అడ్డుతగులుతుంది. తరువాత కిలోకు పది పన్నెండు గ్రాముల లెక్కన ఉప్పు రాసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున బెల్లం పొడి, ఎండుమిరప కారం, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కలిపి దట్టంగా పట్టించాను. ఈ పాళ్లు నీ నాలుక చెప్పినట్టు మార్చుకో.

మా చిన్న ఓవెన్‌ను 130 డిగ్రీల దగ్గర పెట్టి, కింద గిన్నెలో నీళ్లు ఉంచి, మొదటి గంటన్నర పలకను తెరిచే ఉంచాను. ఆ తరువాత లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర మొండికేసి ఎంతసేపటికీ పెరగదు. మాంసం చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తూ ఉండడమే అందుకు కారణం. కంగారుపడి మంట పెంచావా, పైన ఎండిపోతుంది. నేను రెండు చెంచాల నీళ్లు చల్లి ఫాయిల్‌లో బిగించి చుట్టి, మరో రెండు గంటలు వదిలేశాను. నడుమ అరగంట కరెంటు పోయినా తలుపు తీయలేదు. పటకారుతో ఒక చివర పట్టి ఎత్తితే పలక విల్లులా వంగి, పైమాంసం కాస్త చీలాలి, అదే గుర్తు. ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయేంత ఉడికితే అమెరికాలోని పోటీల్లో మార్కులు తగ్గిస్తారట. కొరికితే మాంసం కొరికినచోటే ఊడి రావాలని వాళ్ల లెక్క. ఆ విషయంలో నేను వాళ్ల పక్షమే.

పూత సంగతి నీకు ప్రత్యేకంగా రాయాలి. అమెరికాలోనే కాన్సస్ సిటీ వాళ్లు టమాటా, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కని పాకం) కలిపిన తీపి పూత పూస్తారు, మెంఫిస్‌లో పొడి మసాలాతో సరిపెట్టుకునేవారూ ఉన్నారు, సౌత్ కరోలినాలో మాత్రం ఆవపూత ప్రసిద్ధి. ఆ చివరిది వినగానే నాకు మా పక్కింటి మావుసి చేపల కోసం నూరే బెసర గుర్తొచ్చింది. ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరిన ఆ ముద్దను ఒక గిన్నెడు అడిగి తెచ్చుకుని, బెల్లం పాకం, చింతపండు రసం జోడించి చిక్కబడేదాకా కాచాను. నువ్వు వేళ్లు నాకుతూ ఇదేమిటని అడిగింది ఆ పూత గురించే. బెల్లం నిప్పు తగిలితే ఇట్టే మాడి చేదెక్కుతుంది కనుక, పెరట్లో కుంపటి మీద చింతబొగ్గులు బూడిద కట్టాక, చివరి పది నిమిషాల్లోనే రెండు మూడుసార్లు పల్చగా పూసి తిప్పాను. పొగ కోసం ఎండిన జామపుల్లలు నాలుగు వేశాను.

మేకమాంసంతో చేయాలని నీకు అనిపిస్తే, ఆ పక్కటెముకలు పలుచన, కొవ్వూ తక్కువ కనుక మొదటి నుంచీ ఫాయిల్‌లోనే ఉంచి, గంట ముందు నుంచే చూస్తూ ఉండు.

ఇంకొక్క మాట. మాంసంలో గుచ్చి వేడి చూసే పరికరం ఇక్కడ ఎక్కడా దొరకలేదు, ఆ రోజు నేను వాడింది అరువు తెచ్చుకున్నది. ఈసారి విజయనగరంలో బండెక్కే ముందు ఒకటి కొని తీసుకురా, డబ్బు నేను ఇస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు