అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి

సంపాదకులకు నమస్కారం.

నాకు 61 ఏళ్ళు. చిన్నప్పటి రేచీకటి ముదిరి, నలభై దాటేసరికి చూపు పూర్తిగా పోయింది. బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను.

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని మా ఇంటికొచ్చి, చూపులేనివాళ్ళు నలుగురిలో ఎలా కలుస్తున్నారో ప్రశ్నలడిగింది. "ఆరు నెలల్లో ఎన్ని శుభకార్యాలకు వెళ్ళారు అంకుల్?" నాలుగన్నాను. రాసుకుంది.

అందులో ఒకటి మా మేనకోడలి పెళ్ళి. "ఇక్కడే కూర్చో మావయ్యా, ఇప్పుడే వస్తా" అన్నవాడు మళ్ళీ రాలేదు. గంటన్నర స్పీకరు పక్కనే. గట్టిమేళం మోగింది. మండపం ఎటుందో తెలియక అక్షింతలు నా గుప్పిట్లోనే చెమటకి ముద్దయ్యాయి. భోజనాల్లో వడ్డించే కుర్రాడు మా ఆవిడని అడిగాడు, "సారుకి పప్పు వెయ్యమంటారా?" అని. విస్తరి నాది, ఆకలి నాది! ఇక "నేనెవరో చెప్పుకో చూద్దాం" అని చెయ్యి పట్టుకుని పరీక్ష పెట్టే చుట్టాల సంగతి రాస్తే ఈ ఉత్తరం చాలదు. లెక్కలో మాత్రం నేను పెళ్ళికి వెళ్ళినవాణ్ణే.

మా వీధి చివర టీకొట్టు ఏ లెక్కలోనూ లేదు. కొట్టాయన గ్లాసుని నా వేళ్ళ వెనక్కి తాకించి ఇస్తాడు. బెంచీ మీదకి ఎవరొచ్చినా ముందు పేరు చెప్పి కూర్చుంటారు. ఆ పద్ధతి వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. రాజకీయాల మీద నాతో గట్టిగా పోట్లాడతారు కూడా.

1996–2000 మధ్య ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్‌లోనూ, అప్పటి మా పశ్చిమ గోదావరితో సహా మూడు జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించింది. చూపు ఎందుకు పోతోందో తెలుసుకోడానికి అంత శ్రమపడ్డారు. చూపు పోయినవాడు పెళ్ళిలో, వీధిలో ఎలా గడుపుతున్నాడో కూడా అంత ఓపికతోనే చూడాలి. సమాజంలో కలిసి బతకడం మా హక్కని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. ఎన్నిసార్లు వెళ్ళారని కాదు, అక్కడ మీతో ఎవరు మాట్లాడారని అడగండి. తేలిన సంగతులు తెలుగులో, ఫోన్‌లో వినేలా మాకూ పంపండి.

ఆ అమ్మాయి మళ్ళీ వస్తే, సాయంత్రం ఆరింటికి టీకొట్టు దగ్గరికి రమ్మన్నానని చెప్పండి. రాగానే పేరు చెప్పాలి మరి.

— ఒక పాఠకుడు, ఏలూరు